గాజు పెంకు కింద రెండు పాఠాలు

మా నాయనకి గ్యాసు లైట్ల అంగడి ఉండేది. పెళ్ళిళ్ళకీ, ఉరుసులకీ, నాటకాలకీ లైట్లు బాడుగకిచ్చేవాడు. మరమ్మతులూ ఆయనే చేసేవాడు. నెల్లూరి నుంచి కృష్ణపట్నం వైపు పోయే బాట మీద, సముద్రపు గాలి ఇంట్లోకి నేరుగా కొట్టేంత దగ్గర్లో ఉన్న ఊరు మాది. అరవైల మొదట్లో మాకు కరెంటు ఉందంటే ఉంది, లేదంటే లేదు. అందుకని నాయన అంగడికి ఎప్పుడూ గిరాకీ ఉండేది, ఆయన చేతులకి ఎప్పుడూ కిరసనాయిలు వాసన ఉండేది.

లైటు లోపల వేలాడే గుడ్డ సంచీ లాంటిదాన్ని మ్యాంటిల్ అంటారు. మొదటిసారి వెలిగించగానే గుడ్డంతా కాలిపోయి తెల్లటి బూడిద గూడు మిగులుతుంది. ఊదితే రాలిపోయే ఆ బూడిదే పందిరంతటికీ వెలుగిస్తుంది. పన్నెండో తరగతిలో మా సైన్సు సారు ఒకరోజు, ఆ బూడిదలో థోరియం ఉంటుందనీ, అది రేడియో ధార్మిక పదార్థమనీ, ఎవరూ ముట్టుకోకపోయినా దానంతటది లోపల్నుంచి విరుగుతూ ఉంటుందనీ చెప్పారు. క్లాసులో మగపిల్లలందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. సైన్సు గ్రూపులో నేనొక్కదాన్నే ఆడపిల్లని, చివరి బెంచీ మొత్తం నాదే. మా ఇంట్లో ఏదో దొంగ సరుకు దొరికినట్టు చూస్తారేమిటని నాకు ఒళ్ళు మండింది. కోపం నాకు చిన్నప్పట్నుంచీ ముక్కు మీదే ఉండేది.

మర్నాడు సారు అడిగితే ఒక మ్యాంటిల్ పట్టుకెళ్ళాను. బడిలో బంగారు రేకుల విద్యుద్దర్శిని ఒకటి ఉండేది. గాజు సీసాలో ఒక కడ్డీ, దాని చివర రెండు పల్చటి బంగారు రేకులు. ఎబొనైట్ కడ్డీని ఉన్ని గుడ్డతో రుద్ది తాకిస్తే రేకులు రెండూ విడిపోయి నిలబడతాయి. మ్యాంటిల్ దగ్గరికి తెస్తే అవి మెల్లిగా వాలిపోవాలి, అదీ ప్రయోగం. మా ఊరి గాలిలో అవి అసలు నిలబడితే గదా. సారు రుద్దడం, రేకులు విడిపోవడం, మేము మెడలు చాచేలోపే మళ్ళీ అతుక్కుపోవడం. గాలిలో చెమ్మ ఎక్కువని ఆయన విసుక్కున్నారు.

చెమ్మ ఆరాలంటే మా ఇంట్లో ఒకటే దారి. తలంటు పోసుకున్న జుట్టుకైనా, వానాకాలంలో పసిపిల్లల గుడ్డలకైనా సాంబ్రాణి కుంపటి పెడతారు. నేను ఉండబట్టలేక ఆ మాటే అన్నాను. సారు కూడా ఆ ఊళ్ళో చాలాకాలంగా కాపురం ఉంటున్న మనిషి కాబట్టి ఆ మాట ఆయనకి సబబుగానే తోచింది. వాచ్‌మన్ భార్య దగ్గర్నించి కుంపటి వచ్చింది, సాంబ్రాణి పొగ క్లాసంతా కమ్ముకుంది. ఈసారి రేకులు విడిపోయిన మరుక్షణమే చచ్చినట్టు వాలిపోయాయి. ఎన్నిసార్లు చేసినా అంతే. సారు చాలాసేపు గడ్డం గోక్కుని, ఆ తర్వాత పడీపడీ నవ్వారు. నిప్పూ మంటా గాలిని చీల్చి విద్యుత్తు జారిపోయేలా చేస్తాయట. మనం చెమ్మని తరమబోయి అంతకంటే పెద్ద దొంగని లోపలికి పిలిచాం అన్నారు. నిప్పు లేకుండానే ఆ పని చేసే వస్తువు ఈ పిల్ల తెచ్చిన మ్యాంటిల్, అది రేపు చూద్దాం అని గంట కొట్టగానే వెళ్ళిపోయారు.

ఆ రేపు నాకు రాలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాకిట్లో జనం ఉన్నారు. బిట్రగుంట రైల్వే షెడ్డులో పనిచేసే మా బావ జ్వరంతో పోయాడు.

మా అక్కకి అప్పటికి పెళ్ళయి రెండేళ్ళు కూడా నిండలేదు. పిల్లల్లేరు. బావ వాళ్ళింట్లో ఆడదిక్కు లేదు, మామా మరుదులూ తప్ప. అందుకని ఇద్దత్ మా ఇంట్లోనే గడపాలని పెద్దవాళ్ళు అనుకున్నారు. భర్త పోయిన ఆడది నాలుగు నెలల పైచిలుకు గడప దాటకుండా, పరాయి మగవాళ్ళ కంట పడకుండా ఉండటం ఇద్దత్. అందరి ఇళ్ళలోనూ ఉన్నదే. కానీ మా ఇంట్లో దానికి మా అవ్వ కట్టుబాట్లు కొన్ని అదనం. అవి మతంలో ఉన్నాయో లేదో నేను ఎవర్నీ అడగలేదు, అవ్వ నోట్లో ఉంటే చాలు. అమ్మ నా చిన్నప్పుడే పోతే మమ్మల్నిద్దర్నీ పెంచింది అవ్వే. నాయన ఆమె కన్నకొడుకు. ఆమె ముందు ఆయన నోరు మెదపగా నేను చూడలేదు.

వీధి వైపు గదిని అక్క కోసం ఖాళీ చేయించింది. కిటికీకి తెల్ల చీర రెండు మడతలు వేసి నాలుగు వైపులా మేకులు కొట్టించింది. అద్దం తీయించేసింది. పైకప్పులో ఒక గాజు పెంకు ఉండేది. దాని మీద గోనెపట్టా కప్పమంది. నాయన నిచ్చెన తెచ్చాడు, గోడకి ఆనించాడు, కిందనే నిలబడి పెంకులు పాతవనీ, ఎక్కితే అన్నీ పగులుతాయనీ నసిగాడు. అవ్వ మాటకి ఆయన అడ్డు చెప్పడం అంటే అదే, అది కూడా పెంకుల మీద పెట్టి. గాజు పెంకు అలా మిగిలిపోయింది.

ఆ గదిలో అక్కకి తోడు నేను. తోడున్న మనిషి కూడా బయటికి పోకూడదన్నది అవ్వ పెట్టిన అన్నిటికంటే గట్టి కట్టుబాటు. దానికి ఆమె కారణం ఆమెకి ఉంది. వయసులోనే అవ్వ అదే గదిలో ఇద్దత్ కూర్చున్నప్పుడు తోడున్న చెల్లెలు పెళ్ళి ఊరేగింపు చూడటానికి వీధిలోకి పోయి వచ్చిందట. వారం తిరక్కముందే ఆ పిల్లకి అమ్మవారు పోసింది. అవ్వ ఒళ్ళో ఉన్న పసిబిడ్డకీ పోసింది. చెల్లెలు బతికింది, బిడ్డ బతకలేదు. అప్పట్నుంచీ మా ఇంట్లో తోడు కూర్చున్న మనిషికి కూడా గడపే హద్దు.

ఈ సంగతి నాకు తెలుసు. తెలిసినా నా కోపం తగ్గలేదు. ఇద్దత్ ముగిసేలోపే నా పరీక్షలు వచ్చిపోతాయి. ఈ ఏడు తప్పితే వచ్చే ఏడు బడి అనేది ఉండదు, ఎందుకంటే అవ్వ గూడూరులో ఒక సంబంధం చూసి పెట్టుకుని ఉంది. నా చదువు పూర్తయ్యేదాకా ఆగుతామని నాయన వాళ్ళకి చెప్పాడు. చదువు ఆగిపోతే ఇక వాళ్ళు ఆగాల్సిన పనేముంది? నాకు పెళ్ళంటే భయం కాదు. ఈ గదిలోంచి తీసి ఇంకో గదిలో పెడతారు, మధ్యలో నా కాళ్ళతో నేను ఎక్కడికీ పోలేదు, అది తలుచుకుంటే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉండేది.

గదిలో ఒక చాప, ఒక ట్రంకు పెట్టె, నీళ్ళ కుండ. ఉప్పు గాలికి గోడలు పెచ్చులూడి, ఆనుకుంటే వీపంతా సున్నం అంటుకునేది. పొద్దెక్కేకొద్దీ పెంకులు కాగి గది ఆవిరి పట్టేది. గాజు పెంకులోంచి అరచేయంత ఎండ నేల మీద పడి, పడమటి గోడ నుంచి తూర్పు గోడకి పాకుతూ పోయేది. దానికంటే వేరే పని నాకు లేదు కాబట్టి దాని వెంటే చాప జరుపుకుంటూ పుస్తకం చదివేదాన్ని. పెరట్లోకి పోవాలన్నా అవ్వ ముందు నడిచి, మగ మనిషి లేడని చూసి, దగ్గితే మేము పోవాలి. ఆ దగ్గు కోసం కాచుకునే ప్రతిసారీ నాకు ఏడుపొచ్చేది.

అక్క మొదట్లో గోడ వైపు తిరిగి పడుకునే ఉండేది. పెళ్ళికి ముందు ఆమె నోటికి మా వీధంతా జడిసేది. అంగట్లో నాయన పక్కన కూర్చుని మ్యాంటిళ్ళు కడుతూ, వచ్చేపోయే వాళ్ళందరికీ పేర్లు పెట్టేది. చదివింది ఐదో తరగతే. ఇప్పుడు నమాజుకి లేవడం, ఖురాన్ చదువుకోవడం, మళ్ళీ గోడ. నేను పలకరిస్తే ఊఁ అనేది. ఆ చీకట్లో ఇద్దరం ఉన్నా ఒక్కదాన్నే ఉన్నట్టుండేది నాకు. భయం వేసి పాఠాలు పైకి చదవడం మొదలుపెట్టాను.

ఒకరోజు విద్యుద్దర్శిని బొమ్మ దగ్గర ఆగి, ఆమె వింటున్నదో లేదో చూసుకోకుండా, కుంపటి కథ మొత్తం చెప్పాను. సారు గడ్డం గోక్కోవడం దగ్గరికి వచ్చేసరికి గోడ వైపు నుంచి కిసుక్కుమని చప్పుడైంది.

“సున్నం వెయ్యమని చెప్పు మే మీ సారుని,” అంది అక్క, ఇటు తిరక్కుండానే. “మ్యాంటిళ్ళ డబ్బాలో నాయన గుల్లసున్నం ముక్కలు వెయ్యడూ, చెమ్మ తగలకుండా? లైట్ల అంగట్లో పుట్టి కుంపటి పెట్టిందంట, కుంపటి!”

అన్నాళ్ళ తర్వాత ఆమె నన్ను తిట్టడం అదే. సంతోషంతో చాప ఆమె వైపు జరుపుకున్నాను.

సారు మా ఇంటికి రావడం ఆ వారంలోనే మొదలైంది. నేను బడి మానేశానని తెలిసి నాయన దగ్గరికి వచ్చారు. మా అరుగు ఆ కిటికీ కిందే. నాయన సాయంత్రాలు అక్కడే కూర్చుని లైట్లు తుడిచేవాడు. లోపల్నించి నేను సారు గొంతు గుర్తుపట్టి తెర దగ్గరికి పాకాను. పరీక్షకి ఇంకా రెండు పాఠాలు మిగిలి ఉన్నాయనీ, పాప వినే వీలుంటే తాను చెప్తాననీ ఆయన అన్నారు. నాయన లోపలికి వచ్చి అవ్వ ముందు నిలబడ్డాడు.

“పరాయి మగోడు ఆడపిల్లతో మాట్లాడేది కుదరదు,” అంది అవ్వ, రోట్లో వక్క దంచుకుంటూ. కాసేపు దంచి, “మగోడు మగోడితో అరుగు మీద కూర్చోని ఏం మాట్లాడుకుంటే నాకేంది?” అంది.

అవ్వ అంతకంటే ఎక్కువ ఇవ్వదని నాయనకి తెలుసు. అలా మా నాయన ఫిజిక్సు విద్యార్థి అయ్యాడు. సారు పాఠమంతా ఆయనకి చెప్పేవారు. ఆయన లైటు బుడ్డి తుడుస్తూ ఊఁ కొట్టేవాడు. నాకు సందేహం వస్తే తెర ఇవతల్నించి “నాయనా, ఇట్టా అడుగు” అనాలి, ఆయన దాన్ని సారుకి అప్పజెప్పాలి. సారు నా మాట చెవుల్లో పడ్డా పడనట్టే కూర్చుని, నాయన నోట్లోంచి వచ్చేదాకా ఆగేవారు.

మొదటి పాఠం కాంతి విద్యుత్ ఫలితం.

“లోహంలో ఎలక్ట్రాన్లు ఉంటాయి సాయిబుగారూ. లోపల్లోపల తిరుగుతాయి గానీ బయటికి రాలేవు. లోహం వాటిని పట్టి ఉంచుతుంది. వెలుగు పడితే కొన్ని బయటపడతాయి. ఏ వెలుగు పడితే ఆ వెలుగు కాదు. ఎర్ర వెలుగు అనుకోండి, మీ అంగట్లో లైట్లన్నిటికీ ఎర్ర గాజు తగిలించి తెచ్చి చుట్టూ పెట్టండి. రోజంతా పెట్టండి. ఒక్క ఎలక్ట్రాను కదలదు.”

“ఊఁ,” అన్నాడు నాయన.

“అదే కంటికి కనపడని ఊదాకి అవతలి వెలుగు, ఎంత బలహీనమైనదైనా, కాస్తంత పడినా చాలు. జింకు రేకు మీద పడ్డ క్షణంలోనే ఎలక్ట్రాను బయట ఉంటుంది. ఆలస్యం అనేదే లేదు. ఎంత వెలుగు అన్నది కాదు, ఎట్లాంటి వెలుగు అన్నది లెక్క.”

అక్క లేచి కూర్చుంది. మెల్లిగా వచ్చి నా పక్కన గోడకి ఆనుకుంది. పాఠం అయ్యేదాకా అక్కడే ఉంది. కొంతసేపటికి నా చెవిలో గుసగుసగా, “ఎర్ర లైట్లు బో పెట్టి పెట్టి, లోహం కాగిపోతేనో?” అంది. ఇద్దత్‌లో ఉన్న మనిషి గొంతు పరాయి మగవాడు వినకూడదు. అందుకని నేను నాయనకి చెప్పాను, నాయన సారుకి చెప్పాడు. మా అక్క ప్రశ్న మూడు నోళ్ళు మారి అరుగు మీదికి పోయింది.

సారు ఉలిక్కిపడ్డట్టు నవ్వారు. బాగా కాగి ఎర్రబారితే వేడికి కొన్ని బయటపడతాయి, అది వేరే సంగతి, వేరే పాఠం అని చెప్పి, “మీ పాప చురుకైంది సాయిబుగారూ” అన్నారు. అక్క నా తొడ మీద గిల్లింది. చాలా గట్టిగా గిల్లింది, నాకు ఇప్పటికీ గుర్తు.

రెండోది రేడియో ధార్మిక క్షీణత. సారు ఆ రోజు ఒక మ్యాంటిల్ తీసి నాయన చేతిలోనే పెట్టి చెప్పారు. దీన్లో థోరియం అణువులు లెక్కలేనన్ని ఉన్నాయి, ఒక్కొక్కటీ ఒక్కొక్కప్పుడు విరుగుతుంది, ఎంత కాలానికి సగం విరుగుతాయో దాన్ని అర్ధాయువు అంటారు, ఆ మిగిలిన సగంలో సగానికి మళ్ళీ అంతే కాలం పడుతుంది. థోరియానికి అది వెయ్యి కోట్ల ఏళ్ళ పైమాటే.

“అయితే సరుకు చెడదన్నమాట,” అన్నాడు నాయన సంతోషంగా.

అక్క నా చెవి దగ్గరికి వచ్చింది. “బో కాలంగా కాచుకోనుండే అణువు ముందు పోతుందా, అడుగు. వంతు ఉంటుందా?”

నేను నాయనకి, నాయన సారుకి.

“వంతు లేదు,” అన్నారు సారు. “అణువుకి వయసు లేదు సాయిబుగారూ. వెయ్యేళ్ళు ఆగిన అణువూ, నిన్న పుట్టిన అణువూ విరగడానికి వచ్చేసరికి ఒకటే. ఇంతకాలం ఆగింది గదా, రేపైనా పోతుందిలే అనుకోవడానికి లేదు.”

“ఎవురన్నా తొయ్యొచ్చా?” ఇదీ అక్కదే.

“మనమెవరం తొయ్యలేం. వేడి చేయండి, చల్లార్చండి, సుత్తితో కొట్టండి, దాని మానాన అది. గుంపులో సగం ఎప్పటికి పోతాయో చెప్పగలం. ఫలానాది ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు.”

నేను తెర దగ్గర్నించి జరిగిపోయి ట్రంకు పెట్టెకి నుదురు ఆనించుకుని ఏడ్చాను. పరీక్షలో రాసుకోవడానికి పనికొచ్చే మాటే అది. కానీ అన్నాళ్ళూ నేను ఒకటే నమ్ముకుని కూర్చున్నాను, ఇంతకాలం నోరు మూసుకుని ఉన్నాను గదా, ఆఖరికి అవ్వే దయతలుస్తుందిలే అని. ఆగినందుకు వంతు రాదని సారు అంత మామూలుగా చెప్పేసరికి, ఆ గది గోడలు నాలుగూ నా మీదికి జరిగినట్టయింది. అక్క నన్ను ఓదార్చలేదు. నేల మీద ఎండ పడే చోట, ఎండ పోయాక కూడా, అలా చూస్తూ కూర్చుంది.

పరీక్షల తేదీలు వచ్చాయి. నాయన అవ్వ ముందు నిలబడి, నేల చూస్తూ, మూడు పూటలు వరసగా ఏదో గొణిగాడు. సారు హెడ్మాస్టరుగారి చేత మాట చెప్పించారు. నేను అన్నం మానేశాను. ఏడ్చాను, అరిచాను, అవ్వ కాళ్ళు పట్టుకున్నాను. అవ్వ నన్ను తిట్టనైనా తిట్టలేదు. నా తల నిమిరి, “పరీక్ష వచ్చే ఏడూ వస్తాది బిడ్డా. పోయిన మనిషి వస్తాదా?” అంది. ఆమె చచ్చిపోయిన బిడ్డ గురించి మాట్లాడుతోందని తెలుసు. ఆ పట్టున ఆమెని అసహ్యించుకోవడానికి కూడా నాకు వీలు లేకపోయింది, అందుకు ఇంకా కోపం వచ్చింది.

మొదటి పరీక్ష రెండు రోజులుందనగా, పొద్దున్నే నేను ఎప్పటిలాగే పుస్తకం తెరిచి పైకి చదువుతున్నాను. అక్క ఖురాన్ ముందు కూర్చుని ఉంది. ఉన్నట్టుండి ఆపి, గడప దగ్గర కూర్చున్న అవ్వని పిలిచింది. అరవలేదు, ఏడవలేదు. మంచినీళ్ళు అడిగినంత చిన్న గొంతుతో చెప్పింది.

“అవ్వా, ఇది లోపలుంటే నా చదువు సాగడం లేదు. దీని గోలలో నాకు తప్పులు పోతా ఉండాయి. ఆయనకి చేరాల్సిన పుణ్యం చేరడం లేదు.”

అవ్వ చేతిలో వక్క దంచే రోకలి ఆగిపోయింది. ముసలామె ఎప్పుడు లేచిందో ఎప్పుడు లోపలికి వచ్చిందో నేను చూడనేలేదు, నా జబ్బ మాత్రం ఆమె చేతిలో ఉంది. “లే. లెయ్ మే బయటికి. ఆ బిడ్డ పోయినోడి కోసం చదువుకుంటా ఉంటే నీ అణువులేంది నీ పాడేంది?” నా పుస్తకాలు నా ఒళ్ళో పడ్డాయి, నేను గడప అవతల పడ్డాను. తలుపు నా వెనక మూసుకుంది.

వాకిట్లో ఎండకి నాకు కళ్ళు తెరుచుకోలేదు. బయటపడ్డానన్న సంతోషం నాకు ఆ నిమిషంలో లేదు. అక్క నన్ను గెంటించింది, నేను చదివితే ఆమెకి గోలగా ఉంది, ఇన్నాళ్ళూ నేను పాఠం చెప్తుంటే పక్కన కూర్చుని విన్నదంతా ఉత్తిదే, అనుకున్నాను. తోడు మనిషిని కాకపోయాక గడప హద్దు నాకు లేదు, మొహం మాడ్చుకునే నాయన సైకిలు ఎక్కాను. మొహం మాడ్చుకునే పరీక్షలన్నీ రాశాను. కాంతి విద్యుత్ ఫలితం మీద ప్రశ్న వచ్చింది, ఆ జవాబు మాత్రం కన్నీళ్ళు తుడుచుకుంటూ రాశాను.

ఆఖరున ప్రాక్టికల్స్. నాకు కటకం పడింది, దాని నాభ్యంతరం కనుక్కోవాలి, కనుక్కున్నాను. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు వెళ్ళిపోయాక సారు నన్ను ఆగమన్నారు. అలమరలోంచి విద్యుద్దర్శిని తీశారు. సీసా అడుగున తెల్లటి గుల్లసున్నం ముక్కలు ఉన్నాయి. కిటికీ తెరలోంచి నేను నాయన చేత చెప్పించిన అక్క మాట ఆయన మరిచిపోలేదు. కడ్డీ రుద్ది తాకించారు. రేకులు విడిపోయి నిలబడ్డాయి. చాలాసేపు నిలబడ్డాయి. మా ఊళ్ళో అవి అలా నిలబడగా నేను చూడటం అదే మొదటిసారి. అప్పుడు మ్యాంటిల్ దగ్గరికి తెచ్చారు. నిప్పు లేదు, మంట లేదు, పొగ లేదు, ఎవరూ దేన్నీ ముట్టుకోలేదు. చూస్తూ ఉండగా రేకులు మెల్లిగా, చాలా మెల్లిగా దగ్గరికి వచ్చాయి.

అలక సంగతి మరిచిపోయి ఇంటికి పరుగెత్తాను. అక్క గది తలుపు దగ్గర అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. బయటికి పోయొచ్చిన మనిషి ఇంక లోపలికి కాదు. ఇద్దత్ ముగిసేదాకా కాదు. ఆ కట్టుబాటు నాకు తెలిసిందే, అయినా ఆ క్షణందాకా నాకు తట్టలేదు. అక్క లోపల ఒక్కతే ఉంది. నన్ను బయటికి పంపినప్పుడు ఆమెకి ఇది తెలుసు.

వీధిలోకి వచ్చి అరుగు మీద కూర్చున్నాను, సారు కూర్చునే చోట. తెర అవతల చాప కదిలిన చప్పుడైంది.

“రేకులు వాలినాయక్కా,” అన్నాను.

“సున్నం వేసినారా?”

“వేసినారు.”

“ఒక్కసారిగా వాలినాయా, నిమ్మళంగానా?”

“నిమ్మళంగా. నేను రెప్పెయ్యకుండా చూసినాను.”

ఆమె ఊపిరికి తెల్ల చీర కొంచెం లోపలికి పోయి మళ్ళీ వచ్చింది.

“అక్కా, నేను చదివేది నీకు నిజంగా గోలగా ఉండిందా?” అని అడిగాను.

“పిచ్చిదానా,” అంది. “మీరంతా ఎర్ర లైట్లు పెట్టినారు. నాయనా, సారూ, హెడ్మాస్టరూ, నీ ఏడుపూ. అవ్వకి ఏ వెలుగు తగలాలో నాకు తెలుసు గదా. నేనూ ఆమె పెంచిన దాన్నే.” ఆ తర్వాత, “నువ్వు మొదటి పాఠం మే. నాది రెండోది. నన్ను తొయ్యమని ఎవురితోనూ చెప్పబాక,” అంది.

నేను తెరకి చెంప ఆనించాను. అవతల్నించి ఆమె వేలు ఒకటి వచ్చి గుడ్డ మీదనుంచే నా ముక్కు మీద పొడిచింది. వీధిలో పోయేవాళ్ళు చూస్తున్నా నేను వెక్కివెక్కి ఏడ్చాను.

ఇద్దత్ ముగిసింది. చుట్టపక్కాల ఆడవాళ్ళు వచ్చి అక్కకి తలంటు పోసి, కొత్త చీర కట్టించారు. నాయన తెర మేకులు ఊడబెరికాడు. అక్క వాకిట్లోకి వచ్చింది, అందరితో కలిసి అన్నం తిన్నది, మళ్ళీ లేచి ఆ గదిలోకే పోయింది. మర్నాడూ అంతే. నెల తర్వాతా అంతే. పెరడు, వాకిలి, ఆ గది, అంతకుమించి గడప దాటలేదు. ఈసారి ఆమెని ఎవరూ ఆపలేదు, అదే నాకు ఎక్కువ భయం వేసింది. అవ్వే బయటికి రమ్మని బతిమాలడం మొదలుపెట్టింది. ఉరుసుకి పోదాం రమ్మంది, గాజులు కొనిస్తానంది, కోప్పడింది, నేనే నిన్ను అక్కడ పాతేశానని ఏడ్చింది. అక్క ఆమె కళ్ళు తుడిచి, లోపలికి పోయి కూర్చునేది. నేను పరీక్ష పాసై నెల్లూరు కాలేజీలో చేరాను. గూడూరు వాళ్ళు ఆగలేక వేరే పిల్లని చేసుకున్నారు. సెలవులకి వచ్చినప్పుడల్లా అక్క నా పాఠాలు చెప్పించుకునేది. బయటికి రమ్మని నేను ఒక్కసారి కూడా అనలేదు. అనకుండా ఉండటానికి పళ్ళు బిగించుకునేదాన్ని.

ఇలా ఒక ఏడాది దాటాక, సెలవుల్లో ఒక పొద్దున నేను వాకిట్లో పళ్ళు తోముకుంటున్నాను. పండగ కాదు, పబ్బం కాదు. నాయన అప్పటికే అంగడికి పోయాడు. అవ్వ చేటలో బియ్యం ఏరుతోంది. అక్క గదిలోంచి వచ్చింది. చూరు కింద ఉన్న తన చెప్పులు తీసి దులిపింది. ఎండకీ ఉప్పు గాలికీ అవి బిగుసుకుపోయి కాలికి పట్టలేదు. వాటిని పక్కన పెట్టి నావి వేసుకుంది. కొంగు తల మీదికి లాక్కుని, వీధి తలుపు తీసి, అంగడి వైపు నడిచిపోయింది.

అవ్వ చేట వదిలేసి గడప దాకా పరుగున వచ్చింది. వీధి మలుపు తిరిగేదాకా చూసి, నా వైపు తిరిగింది. “ఏమైంది దానికి? ఈ పొద్దేముంది? నువ్వేమన్నా అన్నావా?”

“నేనేం అనలేదవ్వా.”

“మరెవురన్నారు?”

“ఎవరూ ఏమీ అనలేదు.”

అవ్వ నమ్మలేదు. ఆ సాయంత్రం అక్క కిరసనాయిలు చేతులతో, నాయన వెనకే ఒక లైటు పట్టుకుని ఇంటికొచ్చాక ఆమెనీ అడిగింది. నాయన్ని అడిగింది, పక్కింటివాళ్ళని అడిగింది. ఎవరో ఏదో మంచి మాట చెప్పి ఉంటారనీ, ఆ మాటేదో తనకి ముందే తెలిసి ఉంటే ఆ ఏడాదంతా బిడ్డని చీకట్లో కూర్చోనిచ్చేది కాదనీ, తాను చనిపోయేదాకా ఆ మాట కోసం అందర్నీ అడుగుతూనే ఉండింది.